దెబ్బకు పెట్టిన పేర్లు

1888లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సామ్యూల్ వెస్ట్ అనే వైద్యుడి వ్యాసం ఒకటి అచ్చయింది. ఒకే కుటుంబంలో పలువురు పసిబిడ్డలకు ఎముకల మీద వాపులు రావడం, అవి బహుశా రికెట్స్ తాలూకువి కావడం, ఇదంతా ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. ఒకే ఇల్లు, ఒకరిద్దరు కాదు పలువురు బిడ్డలు, అందరూ ఇంకా పసివాళ్ళే, అందరికీ ఉన్నట్టుండి ఎముక వాపు. ఈనాటి పిల్లల వైద్యుడి ముందు ఈ నాలుగు ముక్కలు పెడితే ఆయన నోట వచ్చే మొదటి ప్రశ్న వేరు: ఈ పిల్లల్ని ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు? వెస్ట్ పెట్టిన శీర్షిక ఆ ప్రశ్న దాకా రాదు. ఆ ఇంట్లో నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. తేల్చేశామనుకోవడం తప్పు కూడా. కానీ ఆ శీర్షికలోని ‘బహుశా’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. జబ్బు పేరు సరిగా అతకడం లేదన్న గుబులు ఆ మాటలో వినిపిస్తుంది. అయినా ఆ పేరే అతికించాడు. చేతికందే దూరంలో ఉన్నది అదే మరి.

పిల్లల మీద జరిగే హింసను వైద్యులు గుర్తుపట్టడం ఎలా నేర్చుకున్నారో చెప్పేటప్పుడు మామూలుగా ఒక విజయగాథ చెబుతారు. పూర్వం ఎవరికీ తెలియదు, ఎక్స్‌రే వచ్చింది, లోపలి ఎముకలు కనబడ్డాయి, గుట్టు బయటపడింది. ఈ కథ వినసొంపుగా ఉంటుంది గానీ, పాత కాగితాలు తిరగేస్తే నిలవదు. గుర్తులు ఎప్పుడూ కనబడుతూనే ఉన్నాయి. చూసినవాళ్ళు రాసిపెట్టారు కూడా. అయితే ప్రతి కాలంలోనూ దెబ్బకు ఇంకో పేరు సిద్ధంగా ఉండేది. ఒకచోట రికెట్స్, ఒకచోట హిస్టీరియా, ఒకచోట క్రమశిక్షణ, మన ఊళ్ళలో దిష్టి. ఆ పేరు ఇంటివాళ్ళను కాపాడేది. అంతకన్నా ముఖ్యంగా, చూసినవాడిని తర్వాత చేయాల్సిన పని నుంచి తప్పించేది. జబ్బయితే మందు రాసి పంపేయవచ్చు. దెబ్బయితే ఎవరు కొట్టారని అడగాలి, అడిగితే జవాబు వినాలి, విన్నాక ఎవరికో చెప్పాలి. ఆ ‘ఎవరికో’ అన్నచోట మనిషి గాని, చట్టం గాని లేనంతకాలం గుర్తును గుర్తుగా చదివినవాళ్ళు తక్కువ. నా వాదమల్లా ఇంతే. దీనికి సాక్ష్యం ఎక్స్‌రే పుట్టడానికి 35 ఏళ్ళ ముందే పారిస్‌లో ఉంది.

ఆంబ్రోయిజ్ టార్డ్యూ పారిస్‌లో న్యాయవైద్యుడు. కోర్టులు పంపిన శవాలను, గాయపడ్డవాళ్ళను పరీక్షించి నివేదిక ఇవ్వడం ఆయన వృత్తి. 1860లో ఆయన పిల్లల మీద జరిగే క్రూరత్వం గురించి ఒక సుదీర్ఘ పత్రం ప్రచురించాడు. మొత్తం 32 మంది పిల్లల ఉదంతాలు, వాళ్ళలో 18 మంది చనిపోయినవాళ్ళు. ఈనాటి వైద్య విద్యార్థి చదువుకునే గుర్తుల్లో చాలా భాగం ఆ పత్రంలో ఉంది: ఒకే ఒంటి మీద వేరువేరు రోజుల్లో కమిలిన మచ్చలు, కొట్టిన వస్తువు ఆకారం తేలిన వాతలు, కాలిన గాయాలు, విరిగిన ఎముకలు, మెదడు మీద పేరుకున్న రక్తం. హింసించినవాళ్ళలో తల్లిదండ్రులే ఎక్కువని కూడా ఆయన దాచకుండా రాశాడు. నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం గాయాల పట్టిక కన్నా ఆయన పిల్లల ముఖాల గురించి చెప్పిన మాట. పాలిపోయిన ముఖం, వయసుకు మించిన దిగులు, ఆరిపోయిన కళ్ళు. ఆ పిల్లను ఆ ఇంటి నుంచి తప్పించి వేరేచోట ఉంచితే కొద్దికాలానికే ముఖం మారిపోతుందని ఆయన గమనించాడు. శవపరీక్షల గదిలో బతుకు గడిపిన మనిషి బతికి ఉన్న పిల్ల ముఖంలో మార్పును కూడా సాక్ష్యంగా లెక్కలోకి తీసుకున్నాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1857లో, లైంగిక నేరాల మీద రాసిన పుస్తకంలోనూ ఆయన బాధితుల్లో పిల్లలే ఎక్కువన్న సంగతిని బయటపెట్టాడు.

ఇంత స్పష్టంగా రాసిన పత్రం ఏమైంది? తప్పని ఎవరూ నిరూపించలేదు, నిషేధించలేదు. పక్కన పెట్టేశారు, అంతే. మెదడు మీది రక్తం సంగతే చూడండి. టార్డ్యూ దాన్ని దెబ్బ తాలూకు గుర్తుగా చదివాడు. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్షో 1857లోనే అది మెదడు పొర వాపు వల్ల వచ్చే జబ్బని సిద్ధాంతం చేసి ఉన్నాడు. విర్షో ఆ కాలపు రోగవిజ్ఞానానికి పెద్దదిక్కు. ఒక న్యాయవైద్యుడి మాట ఆ పేరు ముందు ఏపాటిది? టార్డ్యూ 1879లో చనిపోయాడు. మరుసటి ఏడాదే పారిస్‌లో ఆల్ఫ్రెడ్ ఫూర్నియే అనే ప్రఖ్యాత వైద్యుడు పిల్లలు అత్యాచారం జరిగినట్టు నటిస్తారని, డబ్బు గుంజడానికి పేదింటి తల్లులు వాళ్ళకు నేర్పిస్తారని ఉపన్యసించాడు. టార్డ్యూ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న పాల్ బ్రువార్డెల్ కూడా చిన్నపిల్లల ఫిర్యాదులను అనుమానంతో చూడమనే బోధించాడు. ఒక తరం తిరగకముందే గుర్తు పిల్ల ఒంటి మీద నుంచి పిల్ల స్వభావంలోకి మారింది. దెబ్బ తిన్న పిల్ల అబద్ధాలాడే పిల్లయింది.

ఫ్రాయిడ్ కథ కూడా ఈ దారిలోదే. 1885–86లో పారిస్‌లో చదువుకున్నప్పుడు ఆయన బ్రువార్డెల్ శవపరీక్షలకు హాజరయ్యాడు. పదేళ్ళ తర్వాత, 1896 ఏప్రిల్‌లో, వియన్నా వైద్యుల సభలో 18 మంది రోగుల ఆధారంగా హిస్టీరియాకు మూలం బాల్యంలో జరిగిన లైంగిక హింసేనని ప్రకటించాడు. సభకు అధ్యక్షత వహించిన క్రాఫ్ట్-ఎబింగ్ దాన్ని శాస్త్రం వేషం వేసుకున్న కట్టుకథగా తోసిపారేశాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఫ్రాయిడ్ తన సిద్ధాంతం మీద తనకే నమ్మకం పోయిందని మిత్రుడికి ఉత్తరం రాశాడు. రోగులు చెప్పినవాటిలో చాలా భాగం వాళ్ళ ఊహలన్న వైపు మొగ్గాడు. ఆయన భయపడి వెనక్కి తగ్గాడా, సాక్ష్యం చాలక తగ్గాడా అన్నది పండితులు ఇంకా తెగనివ్వని తగాదా. ఆయన రోగులను ప్రశ్నించిన తీరులో లోపాలున్నాయన్నది నిజమే కాబట్టి నేను ఆ తగాదాలో ఒక పక్షం పట్టను. కానీ ఫలితం తగాదా లేనిది. తర్వాత చాలా దశాబ్దాలపాటు, తనకు చిన్నప్పుడు జరిగింది చెప్పుకున్న ఆడమనిషికి వైద్యుడి దగ్గర ఊహ అనే జవాబు తయారుగా ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. వెనక్కి తిరిగి చూసేవాడికి అన్నీ తేటగానే కనబడతాయి, పాతకాలపు వైద్యులను నిందించడం సులువు, నిజానికి వాళ్ళు చెప్పిన జబ్బులు ఆ రోజుల్లో నిజంగానే ఉండేవి కదా అని. ఉండేవి. లండన్ లాంటి పొగ కమ్మిన నగరాల్లో ఎండ సోకక, తిండి చాలక రికెట్స్‌తో కాళ్ళు వంకరపోయిన పిల్లలు వీధివీధినా కనబడేవారు. 1883లో థామస్ బార్లో పసిబిడ్డలకు వచ్చే స్కర్వీని వర్ణించాడు. అందులో ఎముక పైపొర కింద రక్తం చేరి, వాచి, ముట్టుకుంటే బిడ్డ కెవ్వుమంటుంది. వెస్ట్ చూసిన వాపులు ఆ బాపతువే అయి ఉండొచ్చు కూడా. కాబట్టి జబ్బు పేరు చెప్పడమే తప్పని నేననడం లేదు. జబ్బు పేరు దొరకగానే వెతకడం ఆపేయడం దగ్గర ఉంది తప్పు. అదే కాలంలో వైద్యం చదవని మామూలు మనుషులు ఈ గుర్తులను చక్కగానే చదివారు. 1874లో న్యూయార్క్‌లో మేరీ ఎలెన్ అనే బాలిక ఉదంతం బయటికి వచ్చింది వైద్యుడి వల్ల కాదు. పక్క గదుల్లో ఉండేవాళ్ళు ఏడుపులు విన్నారు, చలిలో పల్చటి గౌను వేసుకున్న పిల్లను చూశారు, ఒంటి మీద కొరడా దెబ్బలు చూశారు. పేదల ఇళ్ళకు తిరిగి సాయం చేసే ఎట్టా వీలర్ అనే స్త్రీకి ఆ సంగతి చేరింది. ఆమె పట్టు వదలలేదు గానీ వెళ్ళినచోటల్లా చేతులెత్తేశారు. ఆఖరికి జంతుసంరక్షణ సంఘం స్థాపించిన హెన్రీ బెర్గ్ తలుపు తట్టాల్సి వచ్చింది. పిల్లను జంతువు కింద లెక్కగట్టి కాపాడారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ. బెర్గ్ తన న్యాయవాదితో మామూలు కోర్టు ఉత్తర్వే తెప్పించాడు. పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. గుర్తులు చదవగలిగినవాళ్ళు అన్నాళ్ళూ ఆ ఇంటి చుట్టూ ఉన్నారు, చెప్పుకునే చోటే లేకపోయింది. ఆ లోటు కనబడ్డాకే న్యూయార్క్‌లో పిల్లల మీది క్రూరత్వాన్ని అరికట్టే సంఘం పుట్టింది.

ఎక్స్‌రే 1895లో వచ్చింది. అది వచ్చాక కూడా పసిబిడ్డల విరిగిన ఎముకలు అర్థం కావడానికి అర్ధశతాబ్దం పట్టిందంటేనే యంత్రం కథను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1946లో న్యూయార్క్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు చదివే వైద్యుడు జాన్ కాఫీ ఒక వ్యాసం రాశాడు. ఆరుగురు పసిబిడ్డలు, ఆరుగురికీ మెదడు పొర కింద పాత రక్తం, ఆరుగురి కాళ్ళూ చేతుల్లో కలిపి 23 చోట్ల ఎముక విరుపులు. ఏ ఇంట్లోనూ బిడ్డకు దెబ్బ తగిలిన సంగతి చెప్పలేదు. కాఫీ వరుసగా జబ్బులను పరీక్షకు పెట్టాడు. స్కర్వీ అయితే ఎముక అంచుల్లో కనబడాల్సిన మార్పులు లేవు. రికెట్స్ కాదు. ఎముకలు పెళుసుగా ఉండే పుట్టుజబ్బు కూడా కాదు, ఎందుకంటే విరిగినచోటు తప్ప మిగతా ఎముకంతా గట్టిగా ఉంది. ఒక బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన కొద్దిరోజులకే కొత్త విరుపులతో తేలింది. ఇంకొక బిడ్డ తల్లిదండ్రులిద్దరికీ అక్కర్లేని బిడ్డని ఆయనకు తెలిసింది, కావాలని చేసిన హింసేమోనన్న ప్రశ్న కూడా ఆయన వ్యాసంలో తల ఎత్తింది. అంతలోనే సాక్ష్యం చాలదంటూ తల దించేసింది. విరుపులు దెబ్బ వల్లేనని ఆయన తేల్చాడు, ఆ దెబ్బ ఎవరిదన్న దగ్గర ఆగిపోయాడు.

కాఫీని పిరికివాడనుకోవడం అన్యాయం. చీకటి గదిలో ఫిల్ము చదివే మనిషికి బిడ్డ ముఖమూ కనబడదు, తల్లి ముఖమూ కనబడదు. బహుశా అందుకే ఆ మాత్రమైనా చెప్పగలిగాడు. బిడ్డను చేతిలోకి తీసుకుని, కన్నీళ్ళు పెట్టుకున్న తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న వైద్యుడికి ఆ అనుమానం నోట రావడం ఇంకెంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆయన దారినే ఫ్రెడరిక్ సిల్వర్‌మన్ 1953లో మరో అడుగు వేశాడు. ఇంటివాళ్ళు చెప్పకపోయినా, ఒక్కోసారి వాళ్ళకే గుర్తు లేకపోయినా, ఇవి దెబ్బలేనని గట్టిగా అన్నాడు. 1955లో డెట్రాయిట్ నుంచి వులీ, ఎవాన్స్ ఇద్దరూ చెప్పిన సంగతి నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు ఇరుసు. ఇలాంటి విరుపులున్న బిడ్డలను ఆ ఇళ్ళ నుంచి తప్పించి వేరేచోట ఉంచితే కొత్త విరుపులు రావడం ఆగిపోయింది. ఎముక పెళుసుగా ఉంటే ఏ ఇంట్లో ఉన్నా విరగాలి కదా. మందు లేదు, సూది లేదు, ఇల్లు మారింది, జబ్బు నయమైంది. టార్డ్యూ 95 ఏళ్ళ ముందు పిల్లల ముఖాల్లో చూసింది కూడా ఇదే పరీక్ష. అప్పుడు ముఖం సాక్ష్యం చెప్పింది, ఇప్పుడు ఎముక చెప్పింది. చాలామంది వైద్యులకు ఎముక మాట మీదే గురి కుదిరింది.

ఆ తర్వాతి మలుపు పేరుదే. డెన్వర్‌లో పిల్లల వైద్య విభాగానికి పెద్ద అయిన హెన్రీ కెంప్ 1962 జూలైలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సహచరులతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టి హిట్లర్ నుంచి తప్పించుకుని అమెరికా చేరిన మనిషి. మశూచి పరిశోధకుడిగా అప్పటికే పేరున్నవాడు, మద్రాసులో మశూచి సోకిన ఇళ్ళలోని వాళ్ళకు రక్షణ ఇచ్చే గామా గ్లోబులిన్ మీద జరిగిన అధ్యయనంలో ఆయన పాలు పెద్దదే. ఆ వ్యాసానికి ఆయన మెత్తని పేరు పెట్టలేదు. ‘చితకబాదిన బిడ్డ’ అని అర్థం వచ్చేలా, వినేవాడు ఉలిక్కిపడాలనే పెట్టాడు. 71 ఆసుపత్రులను అడిగితే ఒక్క ఏడాదిలో 302 ఉదంతాలు తేలాయి, 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. వ్యాసం అసలు బలం ఆ అంకెలకన్నా ఒక సూత్రంలో ఉంది: ఇంటివాళ్ళు చెప్పే కథకూ ఒంటి మీద కనబడే గాయానికీ పొంతన కుదరకపోవడమే అన్నిటికన్నా పెద్ద గుర్తు. తల్లిదండ్రులు ఇలా చేస్తారని నమ్మడానికి వైద్యుల మనసు ఒప్పుకోదన్న సంగతి కూడా వాళ్ళు రాశారు, అంటే చూపుకు అడ్డం ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. ఆ వ్యాసం వచ్చిన అయిదేళ్ళలో అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ అనుమానం కలిగితే ఫిర్యాదు చేయాలనే చట్టాలు తెచ్చుకున్నాయి. చట్టాలు వచ్చాక ఫిర్యాదులు కుప్పతెప్పలయ్యాయి. పిల్లలను కొట్టడం ఆ అయిదేళ్ళలో పెరిగిందా? లేదు, చెప్పుకోవడానికి ఒక గుమ్మం దొరికింది.

మన వైపు తిరిగితే, ఎముకల కథ ఇక్కడ ఆలస్యంగానే వచ్చింది గానీ పేర్ల కథ మనకు బాగా పాతది. అన్నిటికన్నా దిట్టమైన పేరు పెళ్ళి. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పదేళ్ళు దాటీ దాటని పిల్ల భర్త చేతిలో రక్తస్రావమై చనిపోతే అతనికి పడింది ఏడాది శిక్ష. భార్య కాబట్టి, పదేళ్ళు నిండాయి కాబట్టి, అప్పటి చట్టం లెక్కలో అది అత్యాచారం కాదు. ఆ చావు తర్వాత, ఇక్కడ పనిచేస్తున్న మహిళా డాక్టర్లు తాము చూసిన గాయాల వివరాలతో వైస్రాయికి వినతిపత్రం పంపిన తర్వాత, 1891లో ఆ వయసు పన్నెండుకు పెరిగింది. తెలుగునాట విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళపాటు జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తీయించారు. ‘కన్యాశుల్కం’ తొలికూర్పు ముందుమాటలో గురజాడ ఆ లెక్క చెప్పారు: 1034 పెళ్ళిళ్ళు, అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ జాబితా కూడా ఒక రకం ఎక్స్‌రే ఫిల్మే. ఊరంతా పందిట్లో కూర్చుని భోంచేసి వచ్చిన సంగతే అది. వయసు, ధర ఒకే వరుసలో పెట్టి చదివినప్పుడు గాని దాని అసలు రూపు తేలలేదు.

బడిలో దెబ్బకు పేరు చదువు. దండం దశగుణం భవేత్ అని సంస్కృతంలో చెబితే బెత్తానికి శాస్త్రప్రమాణం దొరికినట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది, 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటా నిషేధించింది. అయినా ‘కొట్టనిదే చదువెలా వస్తుంది సార్’ అని పిల్లాడిని అప్పగించి వెళ్ళే తండ్రి మాట ఆగలేదు. ఇంట్లో మరీ చిత్రమైన సంగతి వాత. తప్పు చేసిన పిల్లకు వాత పెడతాననడమూ ఉంది, కామెర్లు వచ్చిన పిల్లకు మందుగా వాత పెట్టించడమూ ఉంది. ఒకే మచ్చకు శిక్షా, వైద్యమూ రెండు పేర్లూ పలికే చోట డాక్టరు ఏ పేరు నమ్మాలి? ఇక మొన్నటిదాకా చక్కగా ఆడుకున్న పిల్ల ఉన్నట్టుండి మాట మానేసి, అన్నం మానేసి, నిద్రలో ఉలిక్కిపడి, పక్క తడుపుతుంటే, జడుసుకుంది అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, గాలి సోకిందంటారు. ఈ అలవాట్లను వెక్కిరించడానికి నేనీ మాట ఎత్తలేదు. నిజానికి జడుసుకోవడం అన్న మాట రోగ నిర్ణయంగా చాలా దగ్గరికి వచ్చింది. పిల్ల భయపడిందని ఇంట్లో ఆడవాళ్ళు సరిగ్గానే కనిపెట్టారు. దేన్ని చూసి జడుసుకుంది, ఎవరిని చూసి జడుసుకుంది అన్న రెండో ప్రశ్న మాత్రం తాయెత్తుతో ముడిపడి ఆగిపోయింది. వెస్ట్ ‘బహుశా’ ఆగినచోటే.

ఇది పడమటి దేశాల పీడ, మన ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటివి ఉండవనే మాట చాలాకాలం నడిచింది. దానికి జవాబు 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో ఉంది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస ఎదుర్కొన్నామన్నారు. సగానికి పైగా, 53 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళే, నమ్మకంగా ఉన్నవాళ్ళే. ఎక్కువ శాతం నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అధ్యయనం పద్ధతి మీద, హింస అన్న మాటకు అది ఇచ్చిన విస్తృత నిర్వచనం మీద విమర్శలు చేయవచ్చు. అంకెను సగానికి కోసినా మన ఇళ్ళలో లేదు అన్న మాట మాత్రం నిలబడదు. 2012 డిసెంబరులో నార్వేలో ఒక తెలుగు దంపతులకు తమ బిడ్డను హింసించారని ఓస్లో కోర్టు జైలుశిక్ష వేసినప్పుడు ఇక్కడ జరిగిన చర్చ గుర్తుండే ఉంటుంది. ఆ బిడ్డకు ఏం జరిగిందన్న దానికన్నా ఆ దేశానికి మన పెంపకం అర్థం కాలేదన్న మాటే ఎక్కువ వినిపించింది. పెంపకం కూడా ఒక పేరే.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. పేర్ల మీద అనుమానం పెంచుకుంటూ పోతే ప్రతి మచ్చా నేరంగానే కనబడుతుంది, నిర్దోషుల ఇళ్ళు కూలతాయి. ఇది ఊహాగానం కాదు, జరిగింది. 1987లో ఇంగ్లండ్‌లోని క్లీవ్‌లండ్ ప్రాంతంలో కొద్ది నెలల్లో 121 మంది పిల్లలకు లైంగిక హింస జరిగిందని ఇద్దరు వైద్యులు నిర్ధారించారు. వాళ్ళు ఎక్కువగా ఆధారపడింది ఒకే ఒక శారీరక గుర్తు మీద. పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేశారు. తర్వాత చాలామందిని కోర్టులు ఇళ్ళకు పంపేశాయి. మరుసటి ఏడాది న్యాయమూర్తి ఎలిజబెత్ బట్లర్-స్లాస్ తన నివేదికలో ఒక్క గుర్తు మీద అంత భారం మోపకూడదన్నారు, పిల్ల కూడా ఒక మనిషేనని, అధికారుల ఆందోళనకు వస్తువు కాదని గుర్తుచేశారు. బిడ్డను గట్టిగా ఊపితే మెదడులో రక్తస్రావం కావచ్చని 1971లో రాసిన నార్మన్ గత్‌కెల్చ్, తన మాటను అడ్డం పెట్టుకుని సరైన సాక్ష్యం లేకుండా మనుషులను జైళ్ళకు పంపుతున్నారని తొంభై దాటిన వయసులో బాధపడ్డాడు. ఇక మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలిమచ్చలుంటాయి. కొన్నేళ్ళకు అవే పోతాయి. తెల్లపిల్లలనే చూసి అలవాటుపడ్డ విదేశీ నర్సు కంటికి అవి కమిలిన దెబ్బల్లా కనబడే ప్రమాదం ఉంది. కామెర్లకు పెట్టిన వాత సంగతి ముందే అనుకున్నాం.

కానీ ఈ పొరపాట్లన్నీ నా వాదాన్నే బలపరుస్తాయి. క్లీవ్‌లండ్‌లో జరిగింది కూడా పేరు దొరకగానే వెతకడం ఆపేయడమే. ఈసారి పేరు మారింది, అంతే. రికెట్స్ అనగానే ఆగిపోయిన చూపూ, హింస అనగానే ఆగిపోయిన చూపూ ఒక్కటే జాతి. కెంప్ సూత్రం, వులీ, ఎవాన్స్ పరీక్ష చెప్పింది మచ్చల పట్టిక పెట్టుకుని టిక్కులు కొట్టమని కాదు. కథనూ, గాయాన్నీ, బిడ్డ వయసునూ పక్కపక్కన పెట్టి చూడమని. నడక వచ్చిన పిల్లాడి మోకాలు చెక్కుకుపోవడం సహజం, నుదుటి మీద బొప్పి సహజం. ఇంకా బోర్లా పడడమైనా సరిగా రాని బిడ్డకు ఒంటి మీద కమిలిన మచ్చెలా వచ్చింది? 1999లో అమెరికాలో 973 మంది పిల్లలను చూసినప్పుడు ఆరు నెలలు నిండనివాళ్ళలో అలాంటి మచ్చ ఉన్నది 0.6 శాతం మందికే, పట్టుకుని నడవడం మొదలయ్యాక అది మామూలైపోయింది. చెవి మీద, మెడ మీద, కడుపు మీద దెబ్బ పరుగెత్తి పడితే తగిలేది కాదు. వేడినీళ్ళు ఒలికితే చిందిన గీతలుంటాయి, ముంచితే మేజోడు తొడిగినట్టు ఒకే అంచు ఉంటుంది. మూడురోజుల కిందటి విరుపుతో ఈరోజు ఆసుపత్రికి రావడం, తండ్రి ఒక కథ తల్లి ఇంకో కథ చెప్పడం, ఒక్కోసారి గాయం కన్నా ఎక్కువ చెబుతాయి. ఇవన్నీ కలిసినా అనుమానానికే ఆధారం, తీర్పుకు కాదు. ఎముకలు పెళుసుబారే జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నాయేమో చూడడం నిర్దోషిని కాపాడే పని మాత్రమే కాదు, జబ్బున్న బిడ్డను కాపాడే పని కూడా.

లైంగిక హింస దగ్గరికి వచ్చేసరికి శరీరం దాదాపు మౌనంగా ఉంటుంది. 1994లో అమెరికాలో జాయిస్ ఆడమ్స్ బృందం, కోర్టుల్లో నేరం రుజువైన 236 మంది పిల్లల పరీక్షలను తిరగేస్తే స్పష్టమైన గాయం దొరికింది 14 శాతం మందిలోనే. వ్యాసం శీర్షికలోనే వాళ్ళు మామూలుగా కనబడడమే మామూలని తేల్చేశారు. గాయం లేదు కాబట్టి ఏమీ జరగలేదని వాదించే వకీళ్ళకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. 1983లో రోలండ్ సమ్మిట్ అనే మనోవైద్యుడు ఇంకో చిక్కు విప్పాడు. పిల్ల ఎందుకు వెంటనే చెప్పదు, చెప్పి మళ్ళీ ఎందుకు లేదంటుంది? ఇంటివాడే చేసినప్పుడు రహస్యం కాపాడడమే ఆమెకు మిగిలిన దారి, చెప్పాక ఇల్లు కూలుతుంటే ఆ నేరం తన నెత్తిన పడుతుంది కాబట్టి మాట వెనక్కి తీసుకుంటుంది. దీన్ని కూడా కొందరు తిరగేసి, లేదంటోంది కాబట్టి జరిగిందనే తర్కం నడిపారు. అది సమ్మిట్ ఉద్దేశం కాదు. చదువులో ఉన్నట్టుండి వెనకబడడం, ఒక మనిషి ఇంటికి వెళ్ళనని మొండికేయడం, వయసుకు తెలియకూడని సంగతులు ఆటలో రావడం, ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా వదలకపోవడం, వీటిలో ఏ ఒక్కటీ హింసకు రుజువు కాదు. తల్లిదండ్రులు విడిపోయినా, బడి మారినా, ఇంట్లో చావు జరిగినా పిల్లలు ఇలాగే అవుతారు. ఇవి అడగమని చెప్పే గుర్తులు, అది కూడా పిల్ల నోట్లో మాట పెట్టకుండా.

అడిగాక ఎక్కడికి వెళ్ళాలి అన్న దానికి మన దేశం జవాబు ఆలస్యంగానైనా చట్టంలో రాసుకుంది. 1996లో ముంబయిలో ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోను మొదలైంది. 2012 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చిన పోక్సో చట్టం, 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. డాక్టరు, టీచరు, పక్కింటివాళ్ళు, అందరూ ఇందులోకి వస్తారు. ఈ బలవంతం వల్ల తమకు జరిగింది చెప్పుకోవాలనుకున్న పిల్లలే భయపడి డాక్టరు దగ్గరికి రావడం మానేస్తారన్న విమర్శలో పస ఉంది. చట్టం దృష్టిలో ఇంకా పిల్లలే అయిన పదిహేడేళ్ళ ప్రేమజంటల విషయంలో అది మరీ చిక్కు. కొట్టడం, కాల్చడం, ఆకలికి మాడ్చడం లాంటివాటికి మాత్రం ఇంతటి గట్టి చెప్పుడు బాధ్యత మామూలు మనుషుల మీద లేదు, వాటికి జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ కింద శిక్ష ఉన్నా.

ప్రభుత్వాసుపత్రుల్లో గాయంతో వచ్చిన మనిషికి మెడికో లీగల్ కేసు రాస్తారు. గాయం కొలతలు, రంగు, ఎప్పటిదన్న అంచనా డాక్టరు రాస్తాడు. తీసుకొచ్చినవాళ్ళ పేరు రాస్తాడు. గాయం ఎలా తగిలిందన్న చోట, వాళ్ళు చెప్పిందే రాస్తాడు. పెద్దవాళ్ళ విషయంలో ఆ జవాబు చాలాసార్లు గాయపడ్డవాళ్ళే ఇస్తారు. మాటలు రాని బిడ్డ విషయంలో ఆ కథ ఎప్పుడూ తీసుకొచ్చినవాళ్ళదే.